వేసవి సంబరాల్లో లైవ్ బ్యాండ్: జముకు, వీణ, ఎలక్ట్రిక్ గిటార్ ఒకే స్టేజీ మీద (శ్రీకాకుళం, విజయనగరం)

నాగావళి_బాస్:
అందరికీ నమస్కారం. ఏప్రిల్ చివర్నుంచి జూన్ మొదటి వారం దాకా అమ్మవారి సంబరాలకి ఆర్కెస్ట్రా బదులు లైవ్ బ్యాండ్ పెట్టుకుంటామని కొన్ని ఊళ్ళ కమిటీలు అడుగుతున్నాయి. లైనప్: డ్రమ్స్, బాస్ గిటార్, ఎలక్ట్రిక్ గిటార్, గాత్రం, జముకు (తీగ లాగి వాయించే మన జానపద వాద్యం), రెండు మూడు పాటలకి బొబ్బిలి వీణ. నమూనా ఢిల్లీ రాక్ బ్యాండు ఇండియన్ ఓషన్. రూటు విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం, అక్కణ్ణుంచి పాలకొండ మీదుగా ఆమదాలవలస, టెక్కలి, పలాస, సోంపేట. అన్నీ ఆరుబయలే. ఆ బ్యాండు వాళ్ళు జానపద వాద్యాన్ని రాక్ సెటప్‌లో ఎలా ఇమిడ్చారు, మనుషులు మారినా ఎలా నిలబడ్డారు అన్నది ఒకటి. ఎండాకాలం ఆరుబయట ఏది ఎందుకు చెడుతుందన్నది రెండోది. శుభాకాంక్షలు తరవాత చూసుకుందాం, లెక్కలు చెప్పండి.

కోట_జంక్షన్:
రాహుల్ రామ్ పెట్టిన బ్యాండే కదా. ఆయన బాస్ శ్రద్ధగా వింటే సగం జవాబు అందులోనే ఉంటుంది.

పాత_క్యాసెట్:
పెట్టింది ఆయన కాదండీ. 1990లో ఢిల్లీలో మొదలుపెట్టింది ఇద్దరు: గిటార్ సుస్మిత్ సేన్, తబలా, గాత్రం అషీమ్ చక్రవర్తి. రాహుల్ రామ్ 1991లో చేరారు, డ్రమ్మర్ అమిత్ కిలమ్ 1994లో. మొదటి ఆల్బమ్ 1993లో హెచ్‌ఎంవీ తెచ్చింది. 1997లో 'డెజర్ట్ రెయిన్' వచ్చింది, అది లైవ్ రికార్డింగు. 2000లో 'కందీసా' వచ్చాక గానీ దేశం మొత్తానికి వీళ్ళ పేరు తెలీలేదు. అంటే పదేళ్ళ పాటు స్టేజీ మీదే నలిగారు. కమిటీలు "మీ పాట సినిమాలో వచ్చిందా" అని అడిగితే ఈ పదేళ్ళ సంగతి చెప్పండి.

మీకు పనికొచ్చే ముక్క 2009 తరవాతది. అషీమ్ తబలా వాయిస్తూనే పాడేవారు. ఒకే మనిషిలో రెండు పనులు. 2009 డిసెంబర్ 25న ఆయన పోయారు. ఆ ఖాళీ పూడ్చడానికి ఇద్దరు కావాల్సొచ్చింది: గాత్రానికి హిమాంశు జోషి, తబలాకి తుహీన్ చక్రవర్తి. ఆయన గొంతు ఉన్న రికార్డింగులతో '16/330 ఖజూర్ రోడ్' ఆల్బమ్‌ని 2010లో నెలకో పాట చొప్పున ఉచితంగా వదిలారు. ఆ పేరు కరోల్ బాగ్‌లో వాళ్ళు సాధన చేసిన ఇంటి చిరునామానే. 2013లో సుస్మిత్ సేన్ తప్పుకుంటే నిఖిల్ రావు వచ్చారు. అలా పెట్టినవాళ్ళిద్దరూ లేకుండానే 2014లో 'తందాను', 2023లో 'తూ హై' వచ్చాయి.

గిటారు ఆయన మారాక బ్యాండు అంతకుముందులా లేదన్నది నా గట్టి అభిప్రాయం. కానీ ఆగలేదు. ఎందుకంటే ఒక్కో వాద్యం ఏ పాటలో ఏ పని చేస్తుందో వాళ్ళకి తేటగా ఉంది. మీరూ పాటకో కాగితం రాసుకోండి: శ్రుతి, టెంపో, ఎవరు ఎత్తుకుంటారు, ముగింపు సైగ ఎవరిది. జముకు వాయించేవాళ్ళ విషయంలో ఇది మరీ ముఖ్యం. మీ టూరు పెట్టుకున్న నెలలే వాళ్ళకీ సీజను. సంబరాల రోజుల్లో జముకుల కథలకి ముందే మాట ఇచ్చేసి ఉంటారు. ఇద్దరితో రిహార్సల్ చేయించి ఉంచుకోండి, తేదీలు ఫిబ్రవరిలోనే ఖాయం చేసుకోండి.

నాగావళి_బాస్:
ఇండియన్ ఓషన్‌లో జముకు లాంటి వాద్యం, గబ్‌గుబీ, ఎవరు వాయిస్తారు?

పాత_క్యాసెట్:
అమిత్ కిలమ్. డ్రమ్స్ వదిలి అది అందుకుంటారు. అంటే గబ్‌గుబీ మోగుతున్నప్పుడు డ్రమ్స్ మోత తగ్గుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, కింద సౌండు వాళ్ళు చెప్పబోయేది ఇదే.

ఫేడర్_పదహారు:
అవునండీ, అదే అసలు కిటుకు. జముకు, గబ్‌గుబీ ఒక జాతివే: ఒక వైపు తోలు, రెండో వైపు తెరిచిన నోరు, తోలు నడిమి నుంచి నోట్లోంచి బయటికొచ్చే తీగ, ఆ చివర చిన్న పిడి. పిడి లాగి వదిలేకొద్దీ శ్రుతి జారుతుంది. ఈ జారుడు 120 నుంచి 250 హెర్ట్జ్ మధ్య బలంగా వినిపిస్తుంది. బాస్ గిటారు పై స్వరాలూ ఫ్లోర్ టామ్‌దీ (డ్రమ్స్‌లో నేల మీద నిలబడే పెద్ద డ్రమ్ము) అదే చోటు. మూడూ ఒకేసారి మోగితే జనానికి చేరేది ఉత్త గుమ్ము. ఈక్యూతో (మిక్సర్‌లో టోను సర్దే నాబ్‌లతో) దీన్ని సరిచేద్దామని చూడకండి, వాయించడంలోనే సర్దుకోవాలి. జముకు మాట్లాడేటప్పుడు బాస్ ఒక్క స్వరం పట్టి ఆగాలి, ఫ్లోర్ టామ్ ముట్టుకోకూడదు.

ఇక మైకు. తోలు వైపు పెడితే గుమ్ము తప్ప మాట రాదు. నోటి అంచుకి చిన్న క్లిప్ కండెన్సర్ మైకు తగిలించండి, తల లోపలికి రెండు అంగుళాలు, తీగకి దూరంగా ఒక పక్కకి. దానికి మిక్సర్ నుంచి కేబుల్లోనే వెళ్ళే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇవ్వాలి. స్టాండు మీద ఎస్ఎమ్57 మైకు పెట్టే వాళ్ళున్నారు గానీ జముకు కళాకారుడు ఊగుతూ, అడుగేస్తూ వాయిస్తాడు. జానెడు పక్కకి జరిగితే చాలు, లెవెల్ పడిపోతుంది. కదలొద్దని ఆయన్ని నిలబెట్టేస్తే ఆ వాయిద్యం పెట్టుకుని లాభమే లేదు.

సెట్టింగు ఇలా మొదలుపెట్టండి: హై పాస్ 90 హెర్ట్జ్ (అంతకంటే కింది మోత కోసేస్తుంది), 300 దగ్గర డబ్బా మోత ఉంటుంది, అక్కడ 4 డెసిబెల్స్ కోత, మీటు కోసం 2.5 కిలోహెర్ట్జ్ దగ్గర కొంచెం పెంపు. కంప్రెసర్ 3:1, అటాక్ 15–20 మిల్లీసెకన్లు. అటాక్ అంతకంటే తక్కువ పెడితే మీటు చచ్చి, తోక మిగులుతుంది. మానిటర్ స్పీకరు జముకు నోటికి ఎదురుగా ఉండకూడదు. ఆ గుల్ల తనే ఒక రెసొనేటరు, హౌలింగ్ (స్పీకరు కూత) అక్కడే మొదలవుతుంది. పక్కనుంచి పెట్టండి, లేదా ఆయనకి చెవిలో ఇయర్ మానిటర్ ఒకవైపే ఇవ్వండి.

పీజో పికప్ (వాద్యం ఒంటి అదురుని పట్టేది) అంటిస్తామంటే సరే, కానీ దాన్ని మామూలు పాసివ్ డీఐకి (వాద్యాన్ని మిక్సర్‌కి కలిపే చిన్న పెట్టె) ఇవ్వకండి. పీజోకి దాదాపు 1 మెగాఓమ్ ఇన్‌పుట్ కావాలి. తక్కువైతే అడుగు స్వరమంతా పోయి రేకు డబ్బా కొట్టినట్టు వస్తుంది. యాక్టివ్ డీఐ వాడండి.

కోట_జంక్షన్:
తోలు సంగతి కూడా చెప్పండి. సోంపేట, బారువ వైపు రాత్రి సముద్రపు గాలికి తోలు వదులైపోతుంది.

ఫేడర్_పదహారు:
అవును, తోలు చెమ్మ పీల్చుకుని సాగుతుంది. గడ్డి మంట వేసి కాచే పద్ధతి డప్పుకి నడుస్తుంది గానీ స్టేజీ వెనక కేబుళ్ళ మధ్య మంట వద్దు. హాలోజెన్ లైటుకి రెండడుగుల దూరంలో అయిదు నిమిషాలు చాలు, చేత్తో తడిమి చూస్తూ ఉండాలి. మరీ ఎండితే తీగ కట్టిన చోట నెర్రె విచ్చుతుంది. రెండు జముకులు తెచ్చుకుని, ఒకటి వాయిస్తుంటే రెండోది కాచి ఉంచుకోవడం మేలు.

మెట్లు_ఇరవైనాలుగు:
వీణ గురించి ఎవరూ ఎత్తలేదు. ఎండాకాలం టూరులో అన్నిటికంటే ముందు పాడయ్యేది అదే. దాని 24 మెట్లూ మైనంలో కూర్చున్నవి, తేనెమైనంలో బొగ్గుపొడి కలిపిన ముద్ద అది. మే నెల మధ్యాహ్నం అద్దాలు మూసిన కారులో గంట వదిలేస్తే ఆ మైనం మెత్తబడి, తీగల బరువుకి మెట్లు వాలుతాయి. వెంట్రుకంత వాలినా స్వరం తప్పుతుంది, స్టేజీ మీద సర్దలేరు. తిరిగి బిగించడం చెయ్యి తిరిగినవాళ్ళ పని. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసేవాళ్ళున్నారు కాబట్టి ఆ ఊరి ప్రోగ్రాం అయ్యాక ఒకసారి చూపించుకుని ముందుకెళ్ళడం తెలివైన పని. అటు పలాస దాటాక చేయించుకోవడం కష్టం.

ప్రయాణంలో వీణని డిక్కీలో కాకుండా మనుషులు కూర్చునే ఏసీ బండిలో, తెల్లబట్ట చుట్టి పెట్టండి. తీగలు కొద్దిగా దించి ఉంచండి. ఏసీలోంచి తీసి ఉక్కపోతలోకి వెంటనే విప్పకండి. తీగల మీద, మైకు క్యాప్స్యూల్ మీద చెమ్మ పడుతుంది, కండెన్సర్ మైకు చిటపటలాడేది అందుకే. పెట్టె విప్పకుండా అరగంట బయట ఉంచి, అప్పుడు తెరవండి. గిటారుకీ ఇదే.

పికప్ మాటకొస్తే, మాగ్నెటిక్ పికప్ ఉక్కు తీగల్నే పట్టుకుంటుంది. మంద్రంలో ఇత్తడి తీగ వేసి ఉంటే అది నీరసంగా వస్తుంది, మేళవింపు చెడుతుంది. పనస చెక్క కుండ మీద కాంటాక్ట్ మైకు నయం.

డీజీ_సెట్:
కరెంటు లెక్క నేను చెప్తాను. నాలుగు టాపులు (పై స్పీకర్లు), నాలుగు సబ్బులు (గుమ్ము మోత కోసం సబ్‌వూఫర్లు), యాంప్లిఫయర్ల మీద రాసింది మొత్తం 10 కిలోవాట్లు అనుకోండి. పాటకి నిజంగా లాగేది అందులో చాలా తక్కువ, అయినా మూడో వంతు లెక్క వేసుకుందాం: 3.5. ఎల్ఈడీ పార్ లైట్లు 24, ఒక్కోటి 60 వాట్లు: దాదాపు 1.5. గిటారు యాంప్‌లు, మిక్సరు, కీబోర్డు కలిపి 2. కూలర్లు, ఫ్యాన్లు 1.5. మొత్తం 8.5 కిలోవాట్లు. 25 కేవీఏ జనరేటర్ అంటే 20 కిలోవాట్లు. సరిపోతుంది, మిగులుతుంది కూడా. సగం లోడు మీద గంటకి మూడు లీటర్ల డీజిల్ వేసుకోండి, టెస్టింగుతో కలిపి ఆరు గంటలకి 18, చేతిలో 30 ఉండాలి.

ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆధారపడొద్దు. వేసవి సాయంత్రం కూలర్లు, మోటార్లు అన్నీ దాని మీదే, వోల్టేజి 180కి పడిన చోట్లున్నాయి. ప్రతి కిక్ డ్రమ్ము దెబ్బకీ లైట్లు కునుకుతున్నాయంటే అదే.

అసలు ప్రమాదం న్యూట్రల్. త్రీ ఫేజ్‌లో న్యూట్రల్ వదులైతే లోడు తక్కువున్న ఫేజ్ మీద వోల్టేజి 300 దాటుతుంది, 400 దగ్గరికి కూడా పోతుంది. ఆ ఫేజ్ మీద మిక్సర్ ఉంటే అయిపోయినట్టే. సంబరాల్లో జాయింట్లు మెలితిప్పి టేపు చుట్టేస్తారు, అది వేడికి వదులవుతుంది. ఏదీ కలపకముందే మల్టీమీటర్ పెట్టండి: ఒక్కో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 220–240 ఉండాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 3 వోల్టుల లోపు ఉండాలి. లోడు ఎక్కాక మళ్ళీ చూడండి. సౌండు ఒక ఫేజ్, లైట్లు ఒక ఫేజ్, ఫ్యాన్లూ మిగతావీ మూడోది. మిఠాయి దుకాణం వాడు వచ్చి "అన్నా, ఒక్క బల్బు" అంటే ఆ మూడో దాంట్లోంచే ఇవ్వండి.

స్పీకర్లలో హమ్ (గుయ్యిమనే మోత) వస్తోందని మెయిన్స్ ఎర్త్ పిన్ను విరిచేసే అలవాటు మానుకోవాలి. డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ ఉన్నది అందుకే. గాయకుడి మైకు జాలీకీ గిటారు తీగకీ మధ్య ఏసీ వోల్టేజి చూడండి. పదులూ వందలూ చూపిస్తే ఎవర్నీ స్టేజీ ఎక్కనివ్వకండి, పెదవికే షాకు కొడుతుంది.

తూర్పుగాలి:
సాయంత్రం నాలుగింటి సౌండ్ చెక్ నమ్మొద్దు. అప్పుడు గాలి పొడిగా ఉంటుంది, పొడి గాలి హై ఫ్రీక్వెన్సీని ఎక్కువ తినేస్తుంది. దూరం నుంచి మొద్దుగా ఉందని పైన పెంచేస్తారు. రాత్రి చెమ్మ ఎక్కాక అదే సెట్టింగు చెవులు కోస్తుంది. పెంచింది 2 డెసిబెల్స్ దాటకుండా చూసి, మొదటి పాటలో మైదానం చివరికి నడిచి వినండి.

వెనక జనం కోసం డిలే స్పీకర్లు పెడితే, ముందు స్పీకర్ల నుంచి 30 మీటర్లకి 85 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టాలి. పుస్తకం లెక్క 87 వస్తుంది, అది 20 డిగ్రీల గాలికి. మన దగ్గర 35 డిగ్రీలకి శబ్దం సెకనుకి 352 మీటర్లు పోతుంది.

ఏప్రిల్, మే ఈదురుగాలుల్ని తేలిగ్గా తీసుకోకండి. పడమట మబ్బు నల్లబడిందంటే పది నిమిషాలు కూడా టైమివ్వదు. ముందు దించాల్సింది స్టేజీ వెనక గుడ్డ. అది తెరచాపలా గాలి పట్టి ట్రస్సుని (స్టేజీ ఇనప చట్రాన్ని) లాగేస్తుంది. స్పీకర్లు వేలాడదీయకుండా నేల మీదే పేర్చి రాట్చెట్ బెల్టుతో బిగించండి. మిక్సర్ మీద కప్పడానికి టార్పాలిన్ కాళ్ళ దగ్గరే ఉండాలి, బండిలో కాదు.

కోట_జంక్షన్:
తప్పెటగుళ్ళ బృందాన్ని మీతో పాటు స్టేజీ ఎక్కించే ఆలోచన ఉంటే మానుకోండి. పదిహేను ఇరవై మంది గజ్జెలతో ఒకేసారి ఎగిరితే చెక్క స్టేజీ మీద ప్రతి మైకు స్టాండూ ఎగురుతుంది, ఆ దడదడ అంతా సబ్బుల్లోకి వస్తుంది. స్టేజీ ముందు నేల మీద చోటివ్వండి. వాళ్ళకీ అదే హాయి.

పాత_క్యాసెట్:
టైము మాట. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు కుదరదు. పండగలకి 12 దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. "సంబరం కదా, ఎవరేమంటారు" అనే కమిటీని ఆ కాగితం చూపించమనండి. లేదంటే ఏడింటికి మొదలై తొమ్మిదీ యాభైకి ముగిసేలా కట్టండి. మనోళ్ళు భోజనాలయ్యాకే వస్తారు కాబట్టి మీ గట్టి పాటలు ఎనిమిదిన్నర తరవాతకి ఉంచండి.

నాగావళి_బాస్:
బాగా ఉపయోగపడింది, అందరికీ దండాలు. ఇంకొక్కటి. మిక్సర్‌ని ట్యాబ్లెట్ నుంచి నడిపితే మధ్యలో తెగిపోతోందంటున్నారు.

ఫేడర్_పదహారు:
2.4 గిగాహెర్ట్జ్ వైఫై అయితే అంతే. ఖాళీ మైదానంలో బాగానే ఉంటుంది, వేల ఫోన్లు వచ్చాక ఊపిరాడదు. 5 గిగాహెర్ట్జ్ రౌటరు పెట్టి, దాన్ని స్టేజీ వెనక కాకుండా మిక్సింగ్ చోటుకి కనపడేలా ఆరడుగుల ఎత్తున కట్టండి. మిక్సర్ నుంచి ఒక లాన్ కేబుల్ కూడా లాగి ఉంచండి. ట్యాబ్లెట్‌ని ఎండలో వదిలితే వేడెక్కి తనే ఆగిపోతుంది, నీడ చూడండి.

డీజీ_సెట్:
తొలి వాన పడ్డ మర్నాడు ప్రోగ్రాం ఉంటే పురుగుల సంగతి చూసుకోండి. తెల్ల, నీలం లైట్లకి గుంపుగా వస్తాయి, గాయకుడు నోరు తెరవలేడు. స్టేజీ మీద ఎరుపు, పసుపు రంగులకి మారి, యాభై అడుగుల అవతల ఒక పెద్ద తెల్ల లైటు వేరే స్తంభానికి కట్టి వదిలేయండి. చాలావరకు అటు పోతాయి. గాత్రం మైకుకి ఫోమ్ తొడుగు మార్చుకోవడానికి రెండు అదనంగా ఉంచుకోండి.