అప్‌డేట్: శ్రీశైలం అడవి నడకదారి

ఆత్మకూరు వైపు వెంకటాపురం నుంచి నల్లమల మీదుగా శ్రీశైలం వెళ్లే పాత నడకదారిని ఏడాదంతా ట్రెక్కింగ్ రూట్‌గా ప్రచారం చేయొచ్చా అని అడిగాను కదా. కుదరదు. నాగలూటి, పెచ్చెర్వు మీదుగా సాగే ఆ దారి పులుల అభయారణ్యంలో ఉంది. శివరాత్రికి, ఉగాదికే భక్తులను వదులుతారు.

అందుకే ఆ ట్రెక్కింగ్ రూట్ కోసం అనుకున్న యాప్ ఆలోచన పక్కన పెట్టి, మీలో ఒకరు చెప్పినట్టు ఆ కొద్ది రోజులకు పనికొచ్చే మ్యాప్ గీస్తున్నాం. నీళ్లెక్కడ, నీడెక్కడ, రాత్రికి ఎక్కడ ఆగాలి అన్నవే అందులో ఉంటాయి. ఉగాదికి కర్ణాటక నుంచి చాలామంది నడిచొస్తారు కాబట్టి కన్నడంలోనూ వేస్తున్నాం. అసలు టెన్షన్ భీముని కొలను దగ్గరే. లోయలోకి దిగి మళ్లీ కైలాసద్వారం దాకా మెట్లెక్కాలి, అప్పటికే కాళ్లు పీకేస్తుంటాయి! అక్కడ ఎర్ర గీత పెడుతున్నాం.

దారిలో పడే ప్లాస్టిక్ చెత్తను ఏం చేయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.