గొల్లపూడి నటన నాటకానిదా, రేడియోదా?

రంగపీఠం: ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’ (1982)తో నటుడయ్యేనాటికి గొల్లపూడి మారుతీరావు గారికి నలభై దాటాయి. నాటకకర్తగా అప్పటికే పెద్ద పేరు. తెర మీద చూపించిందంతా నాటకం పెట్టిన భిక్షే అంటాను. కాదనేవాళ్ళున్నారా?

మైకుమనిషి: ఉన్నాను. పరిషత్తు (పోటీ) నాటకాల్లో మైకులు పైనుంచి వేలాడతాయి. నటుడు రెండడుగులు వాటి కిందికి జరిగి, గొంతు పెంచి, వాక్యం చివర సాగదీసి, చప్పట్లకి చోటు వదులుతాడు. క్లోజప్‌లో అదే చేస్తే మెడనరాలు తప్ప మనిషి కనబడడు. గొల్లపూడి గారిది ఆకాశవాణి ఉద్యోగం. రేడియో నాటకంలో మైకు జానెడు దూరం. అరిస్తే శబ్దం పగులుతుంది, ‘ప’, ‘ఫ’ల దగ్గర గాలి కొడుతుంది. అందుకే కోపాన్ని కూడా గొంతు తగ్గించి పలకాలి. మెత్తగా మాట్లాడుతూ గోతులు తీసే ఆయన విలనీ అక్కడిదే. పైగా ఆ రోజుల్లో తెర మీది మాటలన్నీ డబ్బింగ్ థియేటర్లో మళ్ళీ చెప్పినవే. పెదవికి మాట అతకాలి, భావం జారకూడదు.

రంగపీఠం: డబ్బింగ్ సరే. ‘సంసారం ఒక చదరంగం’ (1987)లో ఇంటిపెద్ద సంగతేమిటి? తమిళ మూలంలో ఆ పాత్ర రాసి, తీసి, వేసిన విసు కూడా నాటకాలవాడే. కథలో కొడుకుతో తగువొచ్చి ఇంటి మధ్య గీత గీయడమంటే రంగస్థలాన్ని రెండుగా పంచడమే. ఎదుటివాడి మాట నిలబడి వినడం నేర్పేది నాటకం. రేడియోలో మాట లేనివాడు లేనట్టే కదండీ!

మైకుమనిషి: వినడం ఒప్పుకున్నా. గీత మాత్రం విసు ఖాతాలో వెయ్యండి.

పాతప్రతి: ఇద్దరూ 1964 మరిచారు. ‘డాక్టర్ చక్రవర్తి’కి రచన చేశాక నటుడవడానికి 18 ఏళ్ళు పట్టింది. ‘రాత్రంతా ఎదురుచూశాను’ అని నాటకంలో చెప్పి తీరాలి, చివరి వరసకి నటుడి కళ్ళు కనబడవు కాబట్టి. తెర మీద చల్లారిన కాఫీ గ్లాసు చూపిస్తే ఆ మాట కొట్టెయ్యొచ్చు. కొట్టేసిన మాటని మొహంలో ఎక్కడ దాచాలో రాసినవాడికే బాగా తెలుస్తుంది. ఆయన నాటకం ‘కళ్ళు’ 1988లో సినిమా అయింది. తీసింది ఛాయాగ్రాహకుడు ఎం.వి. రఘు. నాటకం ప్రతి పక్కన పెట్టుకుని చూడండి, ఏ మాట ఉంది, ఏది బొమ్మగా మారింది అని.

మైకుమనిషి: చూపులేని బిచ్చగాళ్ళ నాటకమంటే చెవితో నడిచేదే. ఇంకా రేడియో కాదంటారేం?

రంగపీఠం: స్టేజీ మీద ఆడిందండీ అది!