మాయాబజార్ మాటలు, కిలికి భాష: ఒకే తూకం సరిపోతుందా?

ప్రశ్న: ‘బాహుబలి’ (2015)లో కాలకేయుల కోసం మదన్ కార్కీ కూర్చిన కిలికి భాషకు వందలకొద్దీ మాటలు, వ్యాకరణ సూత్రాలు ఉన్నాయి. ‘మాయాబజార్’ (1957)లో పింగళి నాగేంద్రరావు గారు రాక్షసుల చేత పలికించినవి గుప్పెడు మాటలే. హైదరాబాదులోని మన బృందం ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి మంచిచెడ్డలు చెప్పగలదా?

సమాధానం: చెప్పవచ్చునండి. అయితే పదసంఖ్యను ముందుగా పక్కన పెట్టాలి, ఎందుకంటే ఓపిక ఉన్నవారెవరైనా పదాల పట్టిక తయారు చేయగలరు. విన్న మాటలను బట్టి వినని మాటను శ్రోత ఊహించగలడా అన్నదే నా దృష్టిలో అసలు పరీక్ష.

పింగళి వారి రాక్షసులకు ‘అస్మదీయులు’ నోరు తిరగక ‘అసమదీయులు’ అవుతుంది. ‘దుష్ట చతుష్టయం’లోని సంయుక్తాక్షరాలు కూడా వారి నోట అలాగే విడిపోతాయి. ఆ పైన, మనవాళ్లు అసమదీయులైతే పగవాళ్లు తసమదీయులు కావలసిందే. సంస్కృతంలో ‘తదీయ’ ఉందే కాని ‘తస్మదీయ’ లేదు. కేవలం సాదృశ్యం మీద పుట్టిన ఈ రూపం, భాష నేర్చుకునే పసిపిల్లలు చేసే పొరపాటంత సహజమైనది. ఇక ‘తల్పం’ పక్కన ‘గిల్పం’, ‘కంబళి’ పక్కన ‘గింబళి’ చూడండి. ‘పులీ గిలీ’ అన్నప్పుడు ఏ అర్థమూ లేని మన ‘గి’కారానికి ఆయన ఒక వస్తువును అప్పగించారు. ఈ కిటుకు పట్టుకున్న ప్రేక్షకుడు మాయకుర్చీకి ‘గిర్చీ’ అని తనంతట తానే పేరు పెట్టగలడు. మాటలు గుప్పెడే అయినా వాటి వెనుక యంత్రాంగం ఉంది.

కిలికిలో ‘మిన్’ అంటే నేను, ‘నిమ్’ అంటే నువ్వు. మాటను తిరగేస్తే ఎదురర్థం వస్తుంది. దీనికి మూలం కార్కీ ఆస్ట్రేలియాలో పిల్లల కోసం చేసిన ‘క్లిక్’ అనే భాష కనుక, ఆటగా నేర్పడానికి ఇది చక్కని సూత్రమే. తరతరాలుగా ఒక తెగ మాట్లాడిన భాషగా నమ్మమంటే మాత్రం ఆ నున్నదనమే అడ్డు వస్తుంది. వాడుకలో నలిగిన భాషకు గతుకులు ఉంటాయి: ‘వచ్చు’ ధాతువుకు విధ్యర్థం ‘రా’ కావడం అటువంటిదే. ఇంగ్లీషు కాల్పనిక రచయిత టోల్కీన్ తన కథల్లోని క్వెన్యా, సిందారిన్ భాషలను ఒకే మూలభాష నుంచి ధ్వని పరిణామాల ద్వారా పుట్టించాడు కాబట్టి, అక్కడి గతుకులకు చరిత్ర ఉంది.

మరొకరి సందేహం: వినడానికి వింతగా ఉండటం కూడా గుణమే కదండీ? ‘స్టార్ ట్రెక్’ సినిమాల్లోని క్లింగాన్ భాషలో వాక్యం కర్మతో మొదలై కర్తతో ముగుస్తుందట.

సమాధానం: ఆ వరుస మానవభాషల్లో బహు అరుదు కనుకనే ఆ భాషను కూర్చిన మార్క్ ఓక్రాండ్ గ్రహాంతరవాసుల కోసం దానిని ఎంచుకున్నాడు, అక్కడ వింతకు ఒక ప్రయోజనం ఉంది. కాని వింత అనేది వినేవాడిని బట్టి మారుతుంది. ‘అవతార్’ (2009) కోసం పాల్ ఫ్రోమర్ రూపొందించిన నావి భాషలో, ఎదుటివారిని కలుపుకునే ‘మనం’, కలుపుకోని ‘మేము’ వేరువేరు మాటలు. ఇంగ్లీషు ప్రేక్షకుడికి అది విడ్డూరం, మనకు నిత్యవ్యవహారం.

నేను వెతికే మరో విషయం ఎరువు మాటలు, అంటే పరభాషల నుంచి తెచ్చుకున్నవి. మన నగరంలో ‘జల్ది రా’ అనని ఇల్లు అరుదు. అంతకన్నా ముఖ్యం, ఉర్దూ నుంచి వచ్చిన దబాయించు, చలాయించు, బనాయించు వంటి క్రియలన్నీ ఒకే ‘ఆయించు’ తొడుక్కుని తెలుగులో కుదురుకోవడం. పరాయి మాటను ఏ ద్వారం గుండా లోపలికి రానిస్తుందో చూస్తే భాష కట్టడం తెలిసిపోతుంది. దేశాల మీద పడి దోచుకునే కాలకేయుల నోట, మాహిష్మతి నుంచి ఎత్తుకొచ్చి కిలికి ప్రత్యయం తగిలించిన తిట్టు ఒక్కటి వినిపించినా, కార్కీ గారికి వీరతాడు వేయడానికి నేను సిద్ధం.