అమెరికా పాస్‌పోర్టుతో బెంగళూరులో రిటైర్మెంట్: ట్యాక్స్ రిటర్నులు రెండు చోట్లా వేయాలా?

జేపీనగర్ వాసి:
నమస్కారమండి. రిటైరయ్యాక న్యూజెర్సీ నుంచి కిందటేడు వచ్చేశాం. ఇద్దరికీ అమెరికా పౌరసత్వం, ఓసీఐ కార్డులు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేవి) ఉన్నాయి. సోషల్ సెక్యూరిటీ (అక్కడి ప్రభుత్వ పెన్షన్) అక్కడి బ్యాంకులోనే పడుతుంది, 401కె (ఉద్యోగంలో దాచుకున్న రిటైర్మెంట్ పొదుపు) ఇంకా ముట్టుకోలేదు. ఇక్కడ కొన్ని ఎఫ్‌డీలు, కర్నూలులో అమ్మతో జాయింట్ అకౌంటు (డబ్బంతా ఆవిడదే, బ్యాంకుకు తిరగలేక నా పేరు చేర్పించింది). మా ఆడిటర్ గారు "ఇక్కడికొచ్చేశారుగా, అమెరికా సంగతి వదిలేయండి" అంటున్నారు. తమ్ముడేమో భయపెడుతున్నాడు. ఈ మధ్యలో బ్యాంకు మేనేజర్ మ్యూచువల్ ఫండ్లు కొనమని ఒకటే ఫోన్లు. ఎవరి మాట వినాలి?

మైలాపూర్ అత్తయ్య:
తమ్ముడి మాట వినండి! పౌరసత్వం ఉన్నంతకాలం ఎక్కడ కాపురమున్నా, ఆదాయం పరిమితి దాటితే అక్కడా రిటర్ను వేయాల్సిందే. బయట ఉండేవాళ్లకు గడువు జూన్ 15, కానీ కట్టాల్సింది ఉంటే వడ్డీ ఏప్రిల్ 15 నుంచే మొదలవుతుంది.

అందరూ మర్చిపోయేది ఎఫ్‌బార్. విదేశీ అకౌంట్ల వివరాలు అమెరికా ప్రభుత్వానికి తెలిపే రిపోర్టు అది. పన్ను కాదు, ఫీజూ లేదు, ఉత్త సమాచారం. అమెరికా బయటి అకౌంట్లన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఆన్‌లైన్‌లో చెప్పాలి, అక్టోబర్ 15 దాకా టైముంది. మీ అమ్మగారి అకౌంటూ అందులోకే వస్తుంది, సగం కాదు, మొత్తం బ్యాలెన్సు. ఆవిడ డబ్బైతే నాకేంటి అంటే కుదరదు.

ఆ మేనేజర్ ఫోన్ మాత్రం ఎత్తకండి. మన మ్యూచువల్ ఫండ్లను అమెరికా పీఎఫ్ఐసీ (విదేశీ పెట్టుబడి కంపెనీ) కింద లెక్కేస్తుంది, 8621 అనే ఫారం, లాభాల మీద చాలావరకు గరిష్ఠ రేటు, పైన వడ్డీ. ఆ ఫారం నింపినందుకు అక్కడి అకౌంటెంటు తీసుకునేదే ఫండు లాభాన్ని మింగేస్తుంది. ఎఫ్‌డీలే హాయి.

వైట్‌ఫీల్డ్ అల్లుడు:
ఇక్కడి వైపు నుంచి చూస్తే మీకిప్పుడు మంచి కాలం నడుస్తోంది సార్. గత పదేళ్లలో తొమ్మిదేళ్లు ఎన్నారైగా ఉన్నా, గత ఏడేళ్లలో ఇండియాలో 729 రోజులు మించకపోయినా మీది ఆర్ఎన్ఓఆర్ (రెసిడెంటే గానీ ఇంకా ఆర్డినరీ రెసిడెంటు కాదు) స్టేటస్. అదున్నన్నాళ్లు 401కె నుంచి అక్కడ తీసుకున్న డబ్బు మీద ఇక్కడ పన్ను లేదు, అమెరికాది ఎలాగూ ఉంటుంది. తీయాలనుకుంటే ఇప్పుడే లెక్క వేయించుకోండి. సోషల్ సెక్యూరిటీకి ఆ బెంగ లేదు, రెండు దేశాల ఒప్పందంలోని 20వ ఆర్టికల్ ప్రకారం ఎప్పుడైనా అమెరికాలోనే పన్ను. ఎఫ్‌డీ వడ్డీకి ఇక్కడ కట్టిన పన్నును అక్కడి రిటర్నులో 1116 ఫారంతో తగ్గించుకోవచ్చు. ఎన్‌ఆర్‌ఈ అకౌంట్లు (ఎన్నారైల రూపాయి అకౌంట్లు) ఉన్నాయా? బ్యాంకుకు చెప్పి రెసిడెంట్ అకౌంటుగానో, ఆర్‌ఎఫ్‌సీ (తిరిగొచ్చినవాళ్లు డాలర్లలోనే ఉంచుకునే అకౌంటు) గానో మార్పించేయాలి.

ఆర్ఎన్ఓఆర్ పోయి ఆర్డినరీ రెసిడెంటు అయ్యాక విదేశీ ఆస్తులన్నీ ఇక్కడి రిటర్నులోని షెడ్యూల్ ఎఫ్ఏలో చూపాలి, వదిలేస్తే జరిమానా 10 లక్షల దాకా వెళ్తుంది.

జేపీనగర్ వాసి:
చాలా థాంక్స్ అండి, ఎన్‌ఆర్‌ఈ సంగతి రేపే చూస్తాను. మా బావగారికి గ్రీన్‌కార్డే, ఆయనా వచ్చేశారు. ఆయనకివేమీ ఉండవుగా?

మైలాపూర్ అత్తయ్య:
ఉంటాయి. ఊరికే తిరిగి వెళ్లకపోతే చాలదు, ఐ-407 ఫారం ఇచ్చి కార్డు వదులుకోవాలి. గత 15 ఏళ్లలో 8 ఏళ్లు కార్డుంటే 8854 ఫారం (అక్కడి పన్నుల నుంచి తప్పుకునేటప్పుడు వేసేది) కూడా, కాబట్టి సరెండర్ చేసేముందే రెండు దేశాల పన్నులూ తెలిసినవాళ్లను కలవమనండి. అన్నట్టు సోషల్ సెక్యూరిటీ వాళ్లు 7162 అని ఒక ఫారం పోస్టులో పంపుతారు, జవాబివ్వకపోతే డబ్బు ఆగిపోతుంది. వాళ్ల దగ్గర మీ జేపీ నగర్ అడ్రసు ఉందో లేదో చూసుకోండి.