యమ నియమాలు ఉద్యోగంలో ఎలా పాటిస్తున్నారు? కాస్త చెప్పరా

అందరికీ నమస్కారం అండి. నేను బ్యాంకులో క్యాష్ కౌంటర్‌లో చేస్తాను, నెల మొదటి వారం వచ్చిందంటే పెన్షన్ల రద్దీ, సర్వర్ స్లో, క్యూలో కేకలు, సాయంత్రం క్యాష్ టాలీ అయ్యేదాకా మెడ భుజాలు బిగుసుకుపోయి ఉంటాయి. పొద్దున్నే సూర్య నమస్కారాలు, ప్రాణాయామం చేస్తున్నా, అప్పటికి బానే ఉంటుంది కానీ మధ్యాహ్నానికి ఆ ప్రశాంతత ఏమీ మిగలట్లేదు.

మా యోగా మేడం ఏమన్నారంటే పతంజలి చెప్పిన 8 యోగ అంగాల్లో ఆసనం మూడోదమ్మా, ముందు యమం (ఇతరులతో నడుచుకునే తీరు), నియమం (మన సొంత క్రమశిక్షణ) ఉన్నాయి, అవి వదిలేస్తే ఎలా అని. అప్పట్నుంచి అహింస, సత్యం, అపరిగ్రహం (అవసరానికి మించి కూడబెట్టకపోవడం), సంతోషం ఇవన్నీ చదువుతున్నా. అన్నిట్లో నాకు పనికొచ్చింది ప్రతిపక్ష భావన, అంటే చెడు ఆలోచన వస్తే దానికి ఎదురు ఆలోచన తెచ్చుకోవడం. ఎవరైనా పెద్దాయన కౌంటర్ మీద కొట్టి అరిస్తే, పాపం మందుల డబ్బుల కోసం ఎండలో వచ్చారు కదా అనుకుంటే కోపం నిజంగానే తగ్గుతోంది. కానీ క్యూ పెరిగి చెయ్యి ఖాళీ లేనప్పుడు అది గుర్తే రావట్లేదు, టోకెన్‌కి టోకెన్‌కి మధ్య ఒక్కసారి ఊపిరి నెమ్మదిగా వదలడం మాత్రం అలవాటవుతోంది.

ఇంకో డౌట్, సంతోషం అంటే ఉన్నదాంతో తృప్తి అంటారు కదా, మరి పక్కవాళ్ళ పని కూడా నా మీద పడేస్తుంటే ఊరుకోవాలా? సత్యం ప్రకారం కుదరదని చెప్పేయొచ్చా, అహింసకి అడ్డు రాకుండా ఎలా చెప్పాలి? ఇలాంటి ఉద్యోగాల్లో ఉండి పాటిస్తున్నవాళ్ళు మీరేం చేస్తున్నారో చెప్పండి ప్లీజ్, చిన్న విషయమైనా పర్లేదు.