అప్‌డేట్: అర్థం తెలియని పాట, ముందు వినాలా చదవాలా?

చెన్నై వచ్చి ఏడాదైంది, తమిళం అంతంతమాత్రం, అయినా తమిళ పాటలు వదలబుద్ధి కావడం లేదు, అర్థం చదువుకుని వినాలా అని డిసెంబరు మొదట్లో అడిగాను. ముందు వినెయ్యమని చాలామంది అన్నారు. అలాగే చేశాను.

మా వీధి గుడి మైకులో తెల్లవారుజామునే తిరుప్పావై (ఆండాళ్ తమిళంలో పాడిన పాటలు), రోజుకొక పాశురం, అంటే ఒక పాట, మొత్తం 30. (ధనుర్మాసంలో తిరుమలలోనూ సుప్రభాతం బదులు ఇదే కదా.) పది రోజులు గడిచేసరికి చివర 'ఎంబావాయ్' దగ్గర నా గొంతు దానంతటదే కలిసిపోయింది. అప్పుడు మొదటి పాశురం అర్థం చదివాను. మార్గళి నెల, పున్నమి రోజు, స్నానానికి రమ్మని పిలుపు. చెవికి అలవాటైన పదాలే కాబట్టి చదువుతుంటే ఒళ్ళు పులకరించింది.

అసలు సంగతి మైలాపూర్ కచేరీలో జరిగింది. 'ఎందరో మహానుభావులు' ఎత్తుకోగానే పక్క సీటు మామి తొడ మీద తాళం వేస్తూ కళ్ళు తుడుచుకుంది. త్యాగయ్య తిరువయ్యారులో ఉండి ఎక్కువగా తెలుగులోనే పాడుకున్నాడు కాబట్టి, ఇక్కడ ఎందరో ఇలాగే భాష రాకపోయినా వింటారు. విరామంలో నేను తెలుగని తెలిసి, "అనుపల్లవి అర్థం చెప్పమ్మా" అంది. 'చందురు వర్ణుని అందచందమును' హృదయంలో చూసుకుని ఆనందించేవాళ్ళని నా వచ్చీరాని తమిళంలో చెప్పాను. "అదే అనుకున్నా" అంది, నా చెయ్యి పట్టుకుని.

ఆదివారం వాళ్ళింటికి వెళ్తున్నాను. 29వ పాశురం, 'సిట్రం సిరుకాలే' నేర్పిస్తానన్నారు.