క్యారవాన్‌కి ఇంటి కరెంటు: విడిగా ఎర్త్ గొయ్యి తప్పదా?

ముమ్మిడివరం_బండి:
ట్రావెలర్ వ్యాన్‌ని క్యారవాన్‌గా మార్పించాం. ఊళ్లో ఉన్నప్పుడు బండి కొబ్బరితోట పక్క షెడ్డులో ఉంటుంది. మీటరు బోర్డు నుంచి షెడ్డుకి 35 మీటర్లు. బండిలో టన్ను ఏసీ, 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి, 2 కిలోవాట్ల గీజరు, 12 వోల్టుల బ్యాటరీకి 40 ఆంపియర్ల ఛార్జరు, ఇన్వర్టరు ఉన్నాయి. ఇంటి 16 ఆంపియర్ల సాకెట్‌లో ప్లగ్గు పెట్టగానే ఇంటి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంపే స్విచ్చు) పడిపోతోంది. బండిలో స్విచ్చులన్నీ ఆపేసినా అంతే. ఎలక్ట్రీషియన్ చూసి, మీ ఎర్త్ పోయింది, బండికి విడిగా గొయ్యి తవ్వాలి, అప్పటిదాకా ఆర్‌సీసీబీని దాటించి డైరెక్టుగా ఇస్తానన్నాడు. గొయ్యి తవ్వించమంటారా, ఇంటి ఎర్తే చాలంటారా?

గట్టుమీద_కాపురం:
తవ్వించండి, రెండో ఆలోచన వద్దు. బండి రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుందండి. లోపల ఎక్కడ ఫేజ్ తగిలినా ఆ కరెంటు భూమిలోకి పోదు, బాడీ అంతా పాకి కూర్చుంటుంది. మన నేల ఎప్పుడూ తడే. చెప్పుల్లేకుండా మెట్టు మీద కాలు పెట్టి తలుపు పట్టుకున్న మనిషి మీంచే అది దిగుతుంది. 40 మిల్లీమీటర్ల జీఐ పైపు, 2.5 మీటర్లు, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, షెడ్డు పక్కనే దించండి. ఇంటి ఎర్త్‌తో కలపొద్దు. ఇంట్లో గోల బండికి రాకూడదు, బండి గోల ఇంటికి రాకూడదు.

రాజోలు_పాలిటెక్నిక్:
గొయ్యి సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆర్‌సీసీబీని దాటించి ఇవ్వనివ్వొద్దు, ఒక్క పూటకైనా సరే. స్విచ్చులన్నీ ఆపినా పడుతోందంటే అది ఎర్త్ చెడినందువల్ల కాదు. ఎర్త్ వైరు అసలే లేకపోయినా ఆర్‌సీసీబీ పడదు. ఫేజ్‌లో పోయిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతేనే పడుతుంది. అది బండిలో ఎక్కడ దారి తప్పుతోందో వెతకాలి.

పాలకొల్లు_టెస్టర్:
గీజరు కాయిల్ చూడండి. సగం కేసులు అదే.

రాజోలు_పాలిటెక్నిక్:
కాయిల్ కూడా కావచ్చు. కానీ ముందు ఇది చెయ్యండి. ప్లగ్గు పీకేసి, ఇన్వర్టరు ఆపేసి, మల్టీమీటరు ఓమ్స్‌లో పెట్టి బండి ప్లగ్గు న్యూట్రల్ పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య చూడండి. ఆ రెండూ అంటుకోకూడదు, కిలో ఓమ్స్‌లో గానీ అంతకంటే పైన గానీ చూపించాలి. సున్నాకి దగ్గరగా చూపిస్తే జబ్బు దొరికినట్టే.

గట్టుమీద_కాపురం:
మేడమ్ గారూ, గొయ్యి అడిగితే మీటరు చెబుతున్నారు. మా వీధిలో ఇళ్లకి ఎర్త్ లేదండి, ఎర్త్ పిన్నుకి న్యూట్రలే కలిపేశారు. తుఫానుకి స్తంభం మీద న్యూట్రల్ తెగిందనుకోండి, ఫ్రిజ్జు బాడీ, వాషింగ్ మెషీన్ బాడీ అన్నీ 230 అయిపోతాయి. అలాంటి ఇంటి ఎర్త్‌ని తీసుకెళ్లి ఇనప బండికి కట్టమంటారా?

భీమవరం_చెరువుగట్టు:
ఇవన్నీ సరే గానీ 35 మీటర్లకి ఏ కేబుల్ వేస్తున్నారు? సాయంత్రం చేపల చెరువుల్లో ఏరియేటర్లన్నీ ఎక్కాక మా వైపు 190 వోల్టుల కంటే రాదు. సన్న కేబుల్ వేస్తే బండి దగ్గర ఏసీ కంప్రెసర్ లేవదు.

ముమ్మిడివరం_బండి:
చూశానండి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 0.3 ఓమ్ చూపిస్తోంది.

రాజోలు_పాలిటెక్నిక్:
అదీ సంగతి. బండి తయారుచేసినవాళ్లు న్యూట్రల్‌నీ బాడీనీ లోపల శాశ్వతంగా కలిపేశారు. ఇన్వర్టరు మీద నడిచేటప్పుడు ఆ కలపడం అవసరమే. అది లేకపోతే ఫేజ్ బాడీకి తగిలినా తిరిగి ఇన్వర్టరుకి దారి ఉండదు, బండిలో ఆర్‌సీసీబీ పని చెయ్యదు. కానీ ఇంటి కరెంటు మీద ఉన్నప్పుడు అది విడిపోవాలి. ఇప్పుడు విడిపోవట్లేదు కనుక మీ ఇంట్లో ఫ్రిజ్జు, ఫ్యాన్ల న్యూట్రల్ కరెంటులో కొంత బండి ఎర్త్ దారిన పోతోంది. ఒంటి స్విచ్చు ఫేజ్‌ని ఆపుతుంది, న్యూట్రల్‌ని ఆపదు. అందుకే అన్నీ ఆపినా పడుతోంది.

గట్టుమీద గారూ, ఒక్క మాట. మీరు చెప్పిన గొయ్యి తవ్వితే భూమి దారి ఇంకా సులువవుతుంది, ఆర్‌సీసీబీ ఇంకా తొందరగా పడుతుంది. అప్పుడు గొయ్యి కూడా చాల్లేదని రెండోది తవ్విస్తారు.

పాలకొల్లు_టెస్టర్:
ఆ లింకు పీకేస్తే పోలా?

రాజోలు_పాలిటెక్నిక్:
పీకేస్తే ఇంట్లో బాగుంటుంది. దిండి వెళ్లి నది పక్కన ఇన్వర్టరు మీద ఏసీ వేసినప్పుడు బండి లోపల ఆర్‌సీసీబీ దండగ. రిలే (తనంతట తానే మారే స్విచ్చు) ఉన్న ఛేంజోవర్ పెట్టాలి. బయటి కరెంటు రాగానే లింకు తెరుచుకోవాలి, పోగానే మూసుకోవాలి. కొన్ని ఇన్వర్టర్ ఛార్జర్లలో ఆ రిలే లోపలే ఉంటుంది. అలాంటిదైతే బయట వైరుతో కలిపిన లింకు ఒక్కటి తీసేస్తే చాలు. బండి మెయిన్‌కి ఫేజ్, న్యూట్రల్ రెండూ తెంపే డబుల్ పోల్ ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే పడే స్విచ్చు) ఉండాలి.

గట్టుమీద_కాపురం:
రిలే, డబుల్ పోల్, ఇన్వర్టరు లోపల ఇంకో రిలే. అమ్మా, ఇవన్నీ మీ ల్యాబులో పనిచేస్తాయి. ఊళ్లో రాత్రి పదింటికి ఆర్‌సీసీబీ పడుతుంది, చంటిపిల్లలు ఉక్కకి ఏడుస్తారు, వీధి చివరి కుర్రాడు వచ్చి రెండు వైర్లు తిప్పి దాన్ని పక్కన పెట్టేస్తాడు. మళ్లీ ఎవరూ దాని జోలికి పోరు. ఆ రోజు మనిషిని కాపాడేది గొయ్యే. నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదే. మీరు నన్ను లెక్కలు రానివాడిలా మాట్లాడుతున్నారు.

రాజోలు_పాలిటెక్నిక్:
మిమ్మల్ని తక్కువ చేసి అనలేదు. మీ భయం ఇదని మొదటే చెప్పుంటే నేనూ ఇక్కణ్నుంచే మొదలుపెట్టేదాన్ని. ఆర్‌సీసీబీ పీకేశారనే అనుకుందాం. గొయ్యి చాలా మంచిది, 5 ఓమ్స్. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ ఎర్త్ 2 ఓమ్స్ అనుకోండి. బాడీకి ఫేజ్ తగిలితే 230ని 7తో భాగించండి, దాదాపు 33 ఆంపియర్లు. బండి లైనుకి 32 ఆంపియర్ల ఎంసీబీ ఉందనుకుందాం. 33కి అది పడదు, గంట గడిచినా పడదు. అంతసేపూ బండి బాడీ మీద సుమారు 164 వోల్టులు నిలబడి ఉంటాయి, మీరు చెప్పిన తడి నేల మీద, చెప్పుల్లేని కాళ్ల కింద. కష్టపడి గొయ్యిని 2 ఓమ్స్‌కి తెచ్చినా బాడీ మీద 115 ఉంటుంది, ఎంసీబీ పడ్డానికి నిమిషాలు పడుతుంది. గొయ్యి ఒక్కటే మిగిలిన రోజు మనిషికి ఏ కాపూ మిగల్లేదు.

అదే 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే పడే ఆర్‌సీసీబీ ఉంటే గొయ్యి 100 ఓమ్స్ ఉన్నా బాడీ మీద 3 వోల్టులకి మించి నిలబడవు, అది క్షణంలో పడిపోతుంది.

వైనతేయ_ఒడ్డు:
ఈ లెక్క ఎక్కడైనా పిన్ చేసి పెట్టండి.

గట్టుమీద_కాపురం:
లెక్క ఒప్పుకుంటాను. కానీ న్యూట్రల్‌తో కలిపిన ఇంటి ఎర్త్ మాట మీరింకా తేల్చలేదు.

రాజోలు_పాలిటెక్నిక్:
అక్కడ మీ మాటే కరెక్టు. ఇంటి ఎర్త్ పిన్నులు న్యూట్రల్‌కి కలిపి ఉంటే ఆ ఎర్త్ బండికి ఇవ్వకూడదు. ముందు ఇంట్లో ఆ లింకులు తీయించాలి, ఇంటికి అసలైన ఎర్త్ పెట్టించాలి. తర్వాత షెడ్డు దగ్గర ఇంకోటి వేస్తే వేసుకోండి. అయితే రెంటినీ రాగి వైరుతో కలపండి. కలపకపోతే ఒక చెయ్యి బండి మీద, ఒక చెయ్యి ఇంటి ఎర్త్ ఉన్న మోటారు మీద పెట్టినవాడికి రెండు ఎర్త్‌ల మధ్య తేడా తగులుతుంది. రెండు కడ్డీల మధ్య దూరం కడ్డీ పొడవుకి రెట్టింపు ఉండాలి, 3 మీటర్ల కడ్డీలైతే 6 మీటర్లు. ఉప్పు వెయ్యకండి. సముద్రం వైపు నేలలో అసలే ఉప్పుంది, ఇంకా వేస్తే జీఐ పైపు తినేస్తుంది. రాగి పూత కడ్డీ, చుట్టూ బెంటోనైట్ మట్టి చాలు.

గట్టుమీద_కాపురం:
బొగ్గూ ఉప్పూ మా తాతల నాటి నుంచీ వేస్తున్నాం. పైపు తుప్పు పడితే మార్చుకుంటాం.

రాజోలు_పాలిటెక్నిక్:
భూమి లోపల తుప్పు పట్టిన సంగతి పైకి కనపడదండి.

భీమవరం_చెరువుగట్టు:
నా కేబుల్ ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు.

రాజోలు_పాలిటెక్నిక్:
అన్నీ ఒకేసారి వేస్తే 25, 26 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సాకెట్ దీనికి కాదు, గంటల తరబడి 13, 14 లాగినా పిన్ను దగ్గర కాలి నల్లబడొచ్చు. 35 మీటర్లకి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వేస్తే 16 ఆంపియర్లకే 8 వోల్టులు పోతాయి. 6 వేస్తే 25 ఆంపియర్లకి 5, 6 వోల్టులే. కాబట్టి 6 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల ఆర్మర్డ్ (ఇనప కవచం ఉన్న) రాగి కేబుల్, రెండున్నర అడుగుల లోతులో, కింద పైన ఇసుక, ఆ పైన ఇటుకలు. పలుగు దిగినప్పుడు ముందు ఇటుక తగలాలి. ఆర్మర్‌ని కూడా ఎర్త్ చెయ్యాలి. మీటరు దగ్గర బండికి విడిగా 32 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీ, 40 ఆంపియర్లు మోసే, 30 మిల్లీ ఆంపియర్ల లీకుకి పడే ఆర్‌సీసీబీ పెట్టండి. ఏసీ, ఛార్జర్ లాంటి ఎలక్ట్రానిక్ లోడ్లున్నాయి కనుక ఆర్‌సీసీబీ ‘టైప్ A’ది కావాలని అడిగి తీసుకోండి, దుకాణంలో మామూలుగా ఇచ్చేది ‘టైప్ AC’. ఇంటి ఆర్‌సీసీబీకి ముందు నుంచి లైను తీయండి. అప్పుడు బండిది పడినా ఇల్లు చీకటవదు, గట్టుమీద గారు చెప్పిన రాత్రి పది గంటల కుర్రాణ్ని పిలిచే పనీ ఉండదు. షెడ్డులో నీలం రంగు 32 ఆంపియర్ల ఇండస్ట్రియల్ సాకెట్, మూతతో. చివరగా, కరెంటు బిల్లులో మీ సర్వీసు లోడు ఎంతుందో చూడండి. ఇంటి లోడుకి ఇంకో 5, 6 కిలోవాట్లు కలిస్తే లోడు పెంచమని అర్జీ పెట్టాల్సిందే.

భీమవరం గారూ, 190 వచ్చేచోట కేబుల్ ఒక్కటే చాలదు. తక్కువ, ఎక్కువ వోల్టేజి రెంటికీ కట్ చేసే ప్రొటెక్టరు కూడా పెట్టండి. న్యూట్రల్ తెగి 400 వచ్చిన రోజున ఏసీ బోర్డు బతికేది దానివల్లే.

వైనతేయ_ఒడ్డు:
సాకెట్ ఎత్తు ఎవరూ చెప్పలేదు. 1986 వరద నీళ్లు మీ షెడ్డు దగ్గర ఎంతవరకు వచ్చాయో ఊళ్లో పెద్దవాళ్లని అడిగి దానికి పైన పెట్టండి.

రాజోలు_పాలిటెక్నిక్:
మామూలుగా క్యారవాన్ సాకెట్ నేల నుంచి అర మీటరుకీ మీటరున్నరకీ మధ్య పెడతారు. లంక ఊళ్లలో ఆ కొలత పనికిరాదు, వైనతేయ గారి మాటే సరి.

ముమ్మిడివరం_బండి:
అందరికీ థాంక్సండి. బండి చేసినవాళ్లకి ఫోన్ చేశాను. లింకు తీస్తే వారంటీ పోతుందంటున్నారు.

గట్టుమీద_కాపురం:
పోనివ్వండి వారంటీ. రిలే వాళ్ల చేతే, వాళ్ల ఖర్చుతోనే పెట్టించండి. పెట్టేదాకా బండికి ఇంటి కరెంటు ఇవ్వొద్దు.

రాజోలు_పాలిటెక్నిక్:
ఈ మాట నాదీ. పెట్టాక ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కి సరిపెట్టుకోకండి, అది ఎర్త్ వైరు ఉందో లేదో చెప్పదు. ఇంటి కరెంటు మీద ఒకసారి, ఇన్వర్టరు మీద ఒకసారి, బండి లోపలి సాకెట్లో ఆర్‌సీసీబీ టెస్టరు పెట్టి చూడమనండి. రెండుసార్లూ పడాలి.